కుప్ప బాగా కుళ్ళాలని

ముందు అసలు కబురు చెప్పేస్తాను, లేకపోతే నాకు తిన్నది అరగదు. నేను ఎమ్మెస్సీ పాసయ్యాను. ఫస్టు క్లాసులో. మా నాన్న వైపు గానీ అమ్మ వైపు గానీ డిగ్రీ అనే కాగితాన్ని అంతకుముందు చేత్తో పట్టుకున్నవాళ్ళు లేరు. కొన్నేళ్ళయినా ఈ కబురు నా నోట్లో పాతబడలేదు. బస్సులో పక్క సీటావిడకి కూడా చెబుతాను. దేని మీద చదివావమ్మా అని అడిగితే నాకు ఇంకా సంతోషం. చెక్కని తినే బూజు మీద అంటాను. ఆ మాటతో చాలామంది కిటికీ వైపు తిరిగిపోతారు. తిరగనీ. నేనిప్పుడు చెప్పబోయేది అలాంటివాళ్ళ గురించే.

మాది శృంగవరపుకోట దాటి కొండల వైపు పోతే వచ్చే ఊరు. ఊరి చివర అటవీశాఖ కలప డిపో ఉంది. మా నాన్న అక్కడ లారీలకి లోడెత్తేవాడు, లారీతోపాటే పోయి ఎప్పుడో వచ్చేవాడు. మా అమ్మ దుంగల బెరడు ఒలిచేది. నీలగిరి దుంగలూ సరుగుడు దుంగలూ నున్నగా తయారై లారీ ఎక్కి వెళ్ళిపోయేవి. మిగిలిన బెరడు, చిల్లకొమ్మలు, వేరుమొద్దులు, రంపపు పొట్టు డిపో వెనక గుట్టగా పడేవి. ఎండలు ముదరక ముందే ఆ గుట్టకి నిప్పు పెట్టేవారు. ఎందుకంటే నిరుడు పెట్టారు కాబట్టి. నిరుడెందుకు పెట్టారంటే అంతకుముందు ఏడాది పెట్టారు కాబట్టి. ఆ వారమంతా మా పేట చర్చిలో పాటలు కూడా దగ్గుల మధ్యనే సాగేవి.

ఆ నిప్పు పెట్టే మహానుభావుడు మా మావే. అమ్మకి సొంత తమ్ముడు, డిపోలో మేస్త్రీ. చేతిలో కర్ర, చెవిలో బీడీ, నోట్లో ఎప్పుడూ ఎవరినో ఒకరిని పురమాయించే మాట. అక్క కూడా ఆయన కింద కూలీయే. ఆ సంగతి ఆయన ఒక్కరోజు కూడా మర్చిపోలేదు.

పెద్ద తుపాను వచ్చి కొండవాలు తోటలన్నీ నేలకి పడుకోబెట్టిన ఏడాది గుట్ట డిపో ప్రహరీ కన్నా ఎత్తయింది. నాకు ఆఖరి సెమిస్టరు ప్రాజెక్టు చెయ్యాల్సింది సరిగ్గా అప్పుడే.

మా క్లాసులో ప్రాజెక్టంటే కాలేజీ గేటు ఎదురుగా ఉన్న జిరాక్సు కొట్టు. నిరుడెవరో రాసినదానికి పేరు మార్చి, అట్ట మార్చి, స్పైరల్ బైండింగు చేసి చేతిలో పెడతారు. నూతి నీళ్ళలో సూక్ష్మజీవులు, పెరుగులో సూక్ష్మజీవులు. ఏటా అవే నూతులు, అదే పెరుగు. మావాళ్ళు అది కొనుక్కుని సెమిస్టరంతా క్యాంటీన్లో కూర్చుని, నేను సంచీలో బెరడు ముక్కలు మోసుకొస్తుంటే ముక్కులు మూసుకునేవారు. పెరుగు మీద ప్రాజెక్టు చేసినవాడికి పాలు తోడు పెట్టడం వచ్చని నేను ఇప్పటికీ నమ్మను.

నేను చేసింది కొనుక్కోడానికి దొరికేది కాదు. చెక్కలోని పీచుని గట్టిగా పట్టి ఉంచే జిగురొకటి ఉంటుంది, దాన్ని లిగ్నిన్ అంటారు. ఆవు తిన్నా అరగదు. దాన్ని విడగొట్టడం కొన్ని రకాల శిలీంధ్రాలకే వచ్చు. అడవిలో పడిపోయిన మొద్దు మీద చెవుల్లా వరసగా పొడుచుకొచ్చే గట్టి పుట్టగొడుగుల్ని చూసే ఉంటారు. బయటికి కనబడే చెవి చాలా కొంచెం. అసలు ప్రాణి మొద్దు లోపల ఉంటుంది, తెల్లటి దారాలుగా. ఆ దారాలు ఎంజైములు వదులుతాయి, ఎంజైములు జిగురుని ముక్కలు చేస్తాయి, గోధుమరంగు చెక్క మెల్లగా తెల్లబడి, మెత్తబడి, వేళ్ళ మధ్య పొడి అవుతుంది. ఈ తెల్లకుళ్ళునే ఇంగ్లీషులో వైట్ రాట్ అంటారు. నిప్పూ లేదు, పొగా లేదు. తర్వాత దాన్ని మొక్కలకి వేసుకోవచ్చు.

కొండ కింద జీడితోటలో కుళ్ళిపోతున్న మోడు మీద అలాంటి చెవి ఒకటి దొరికింది. దాన్ని లాబుకి తెచ్చి పెంచాను. జొన్నలు ఉడికించి, సంచుల్లో పోసి, ప్రెషర్ కుక్కర్లో మళ్ళీ ఉడికించి, చల్లారాక వాటిలోకి ఈ బూజుని ఎక్కించాను. లాబులో పెద్ద కుక్కరు చెడిపోయి ఉంటే మా పిన్ని ఇంట్లో పప్పు కుక్కరు ఎత్తుకొచ్చాను. కొన్నాళ్ళకి జొన్నలన్నీ తెల్లటి దూది కప్పుకున్నాయి. ఆ సంచులు తీసుకుని డిపోకి పోయాను.

“ఏటే కోడలా, ఇన్నేళ్ళు సదివి బూజు పెంచుతన్నావా?” అన్నాడు మా మావ, కూలీలందరూ వినేట్టు. “పచ్చడి జాడీలో ఊరికే వస్తాది గదే అది!”

“అది వేరు బూజు, మావా.”

“బూజులో కూడా కులాలున్నాయేటి?”

అందరూ నవ్వారు. మా అమ్మ కూడా నవ్వింది, పైట అడ్డం పెట్టుకుని. డిపోలో ఆయన జోకుకి నవ్వకపోతే మర్నాడు ఎండలో పని పడుతుంది.

“ఆ మూల ఏసుకో,” అన్నాడు చివరికి, రాజ్యం రాసిచ్చినట్టు. “నిప్పెట్టే రోజు దాకానే. ఆ రోజొస్తే నీ కుప్ప కూడా అందలోకే. తర్వాత నా దగ్గర ఏడిస్తే కుదరదు.”

అదీ సమస్య. బెరడు, పొట్టు, చితక్కొట్టిన కొమ్మలు పొరలు పొరలుగా పేర్చి, పొర పొరకీ జొన్నల బూజు చల్లి, తడి గోనెసంచులు కప్పాను. ఎంజైమెంత పనిచేసిందో తెలియాలంటే ఏప్రిల్ నడుమ దాకా కుప్ప ఉండాలి, ఆఖరి నమూనా అప్పుడు తియ్యాలి. మావ నిప్పు పెట్టేది మార్చిలో. కుప్ప కాలిపోతే ప్రాజెక్టు లేదు. ప్రాజెక్టు లేకపోతే డిగ్రీ లేదు. జిరాక్సు కొట్టు వాళ్ళందరూ గౌన్లు తొడుక్కుని ఫోటోలు దిగుతుంటే నేను మళ్ళీ ఏడాది ఫీజు కట్టుకుని కూర్చోవాలి. మా ఇంట్లో ఇంకో ఏడాది అనేది లేదు.

మా గైడుకి చెప్పుకున్నాను. ఆయన ప్రతి వాక్యంలోనూ ఎంజైమనే మాట వాడతాడు గానీ కుప్పని నా సెల్లులో తప్ప చూడలేదు. “అటవీశాఖ పెద్ద ఆఫీసరుకి నేను చెబుతాను, మన వర్క్ ఆయన చూడాలి,” అన్నాడు. అప్పటిదాకా అది ‘నీ తలనొప్పి’. పెద్ద ఆఫీసరు మాట రాగానే ‘మన వర్క్’ అయిపోయింది.

మా అమ్మకి గైడు మీద నమ్మకం లేదు. ఆదివారం ఆరాధనలో అయ్యగారు ప్రార్థన అవసరతలు ఉంటే చెప్పమంటారు కదా, ఒకరి మోకాలి నొప్పి, ఒకరి కొడుకు ఉద్యోగం అయ్యాక మా అమ్మ నన్ను చూపిస్తూ లేచి నిలబడింది.

“అయ్యగారూ, మా గుంట డిపోలో సెత్త కుప్పేసింది. అది బాగా కుళ్ళాలని అందరూ ప్రార్థన సెయ్యండి.”

అయ్యగారు కళ్ళజోడు సర్దుకున్నారు. “కుళ్ళకూడదనా, అమ్మా?”

“కుళ్ళాలనే అయ్యగారూ! కుళ్ళకపోతే దాని డిగ్రీ పోతాది.”

ఆడవాళ్ళ వరసల్లో ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు. మగవాళ్ళ వైపు నుంచి మా మావ “అప్పా, కూకోయే, పరువు తీస్తన్నావు,” అని అక్క మీద పళ్ళు నూరాడు. అయ్యగారు కళ్ళు మూసుకుని, ఆ కుప్పని దేవుడి చిత్తప్రకారం ‘మార్చమని’ ప్రార్థించారు. పాపాల చిట్టా చదివేటప్పుడు లేని మొహమాటం కుళ్ళు అనే మాట దగ్గర వచ్చింది ఆయనకి. నా బూజు మాత్రం మొహమాటపడలేదు. సంచి ఎత్తి చూస్తే బెరడు పొరల మధ్య వేలెడేసి తెల్లటి మెత్త కట్టింది.

మార్చి వచ్చింది. పెద్ద ఆఫీసరు వస్తున్నాడని కబురూ వచ్చింది. కుప్పని చూసి, ఉంచాలో తగలబెట్టాలో ఆయనే చెబుతాడట. నాకు సంతోషంతో కాళ్ళు నేల మీద నిలవలేదు. నెల రోజులు ఉంచమంటే చాలు కదా.

పెద్దమనిషి వస్తున్నాడంటే మనవైపు ఏం చేస్తారో మీకు తెలుసు. చెట్ల మొదళ్ళకి సున్నం, ఎర్రరంగు పట్టీలు. దారికి రెండు వైపులా బ్లీచింగు పౌడరు గీతలు. చూడ్డానికి వచ్చేది ఆస్పత్రినా, బడినా, పెంటకుప్పనా అని ఎవరూ ఆగి ఆలోచించరు. ఆఫీసరంటే సున్నం, ఆఫీసరంటే బ్లీచింగు.

ఆ రోజు పొద్దున్నే గైడు జీపులో వస్తానన్నాడని నేను రోడ్డు మీద ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఆయన ఎంతకీ రాకపోతే డిపో లోపలికి వెళ్ళాను, చూస్తే నా కుప్ప మీద గోనెసంచులు లేవు. కుప్ప మొత్తం, పైనుంచి కింద దాకా, పెళ్ళికొడుకు పంచెలా తెల్లగా మెరుస్తోంది. గాలి ఇటు తిరగ్గానే కళ్ళు మండాయి.

మా అమ్మ ఉతికిన చీర కట్టుకుని, పౌడరు డబ్బా చంకలో పెట్టుకుని, కుప్ప పక్కన నిలబడి ఉంది.

“ఏటి సేసావే అమ్మా?” అన్నాను. కాలేజీ భాష ఎక్కడికి పోయిందో తెలీదు.

“మీ మావ జల్లమన్నాడు. ఈగలు ముసురుతన్నాయి. దొరబాబు నీ కుప్పని సూడ్డానికి వస్తంటే అలగొగ్గేస్తారేటి?”

“బూజుని సంపేసావు గదే!”

“సంపడమేటి? శుబ్రం సేసినాను,” అంది నొచ్చుకుని. “ఇంకా ముగ్గు కూడా ఏద్దుననుకున్నాను. మనకి ముగ్గులేటని ఊరుకున్నాను.”

మావ ప్రహరీ దగ్గర్నుంచి అరిచాడు. “ఏటే కోడలా, ఎలగున్నాది? నీ కుప్పకి ఇప్పుడొచ్చింది కళ!”

అంతకుముందు ఆయన్ని అంతగా అసహ్యించుకున్న గుర్తు లేదు నాకు. జవాబు చెబుదామని నోరు తెరిచేసరికి జీపులు లోపలికి వచ్చేశాయి.

ఆఫీసరు దిగాడు. ఇస్త్రీ మడత చెడకుండా నడిచే మనిషి. పక్కన మా గైడు, కొత్త టోపీతో. వెనక స్థానిక పేపరు విలేకరి ఒకడు కెమెరాతో. మా మావ కర్ర దాచేసి, చేతులు కట్టుకుని, ఒక్కసారిగా పొట్టివాడైపోయాడు. అందరూ కుప్ప ముందు ఆగారు.

“వండర్ఫుల్,” అన్నాడు ఆఫీసరు. “ఇంత తెల్లగా వస్తుందని నేననుకోలేదు.”

నేను గైడు మొహం చూశాను. నెలల తరబడి నా ఫోటోలు చూసి సంతకాలు పెట్టిన మనిషి. బూజు దారాలుగా ఉంటుందని, పొడిగా ఉండదని తెలిసి ఉండాల్సిన మనిషి.

“వైట్ రాట్ సార్,” అన్నాడాయన గర్వంగా. “చెక్క మొత్తం పట్టేసింది. హండ్రెడ్ పర్సెంట్.”

ఆఫీసరు జేబురుమాలు తీసి ముక్కుకి పెట్టుకున్నాడు. “స్మెల్ కొంచెం ఘాటుగా ఉందే?”

“ఎంజైము సార్. ఎంజైము వాసన అలాగే ఉంటుంది.”

ఆ మాట విన్నాక నాలో ఉన్న భయం కాస్తా ఏమైపోయిందో తెలీదు. ఇతనా నా చదువుకి కొలబద్ద? ఈ టోపీకా నేను ఇన్నాళ్ళూ లేచి నిలబడి నమస్కారం పెట్టింది? అయినా నోరు విప్పలేదు. విప్పితే ఆయన సంతకం పోతుంది. విప్పకపోతే ఆఫీసరు ఇదే బూజనుకుని ఉంచమంటాడు, నాకు కావలసిందీ అదే. విలేకరి టకటకా ఫోటోలు తీశాడు.

“చాలా బాగుంది,” అని ఆఫీసరు ఇంకోసారి అన్నాడు. “ఎవరి కృషి ఇది?”

గైడు గొంతు సవరించుకునే లోపలే కూలీల వరసలోంచి మా అమ్మ రెండడుగులు ముందుకొచ్చింది.

“నానే జల్లినాను బాబూ.”

“ఏమిటి?”

“బ్లీచింగు. పొద్దున్నే లెగిసి జల్లినాను. ఎక్కడా సందు ఒగ్గలేదు.”

“ఊరుకోయే అప్పా!” అని మావ వెనక నుంచి గుసగుసగా గద్దించాడు. మా అమ్మ ఊరుకునే రకం కాదు, మెచ్చుకోలు దొరికిన రోజు అసలే కాదు. డబ్బా ఎత్తి చూపించింది కూడా.

ఆఫీసరు గైడు వైపు చూశాడు. గైడు టోపీ తీసి అందులోకి చూసుకున్నాడు, జవాబు అక్కడేమైనా రాసి ఉందేమోనని. విలేకరికి నవ్వాగక కెమెరా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఇక దాచడానికేం మిగల్లేదు.

“సార్, పైనున్నది బ్లీచింగే,” అన్నాను. “శిలీంధ్రం లోపలుంది.”

ఉందో లేదో నాకు మాత్రం ఏం తెలుసు? గోడకి ఆనించిన గునపం తీసి కుప్ప పక్కనుంచి పొడిచి ఎత్తాను. పై పొర జారిపోయింది. లోపల్నుంచి వెచ్చటి ఆవిరి లేచింది, వాన వెలిసిన అడవి వాసనతో. పొడి పైన ఓ పొర దాటి దిగలేదు. బెరడు ముక్కల్ని ఒకదానికొకటి కుట్టేసినట్టు తెల్లటి దారాలు. ప్రాణంతో ఉంది. నేను గట్టిగా అరిచాననుకుంటాను. ఒక కొమ్మముక్క తీసి నలిపితే రొట్టెలా విడిపోయింది. సంచీలోంచి మందు సీసా తీసి దాని మీద చుక్క వేశాను. ఎంజైముంటే ఆ మందు ఎర్రబడుతుంది. కాస్త ఆగగానే చుక్క చుట్టూ ఎర్రటి మరక పాకింది.

“చూడండి సార్,” అని ఆ ముక్క ఆయన ముందు పెట్టాను.

ఆఫీసరు రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు. చూడ్డానికే ఇంత దూరం వచ్చిన మనిషి అసలుది ఎదురుగా పెడితే ముట్టుకోడానికి జడిశాడు. బ్లీచింగుని చూసి వండర్ఫుల్ అన్న నోరు దీన్ని చూసి “ఓహో” అని ఊరుకుంది. గైడైతే వాచీ చూసుకుంటున్నాడు.

“దీన్ని మామూలుగా ఏం చేస్తారు?” అని ఆఫీసరు మా మావనడిగాడు.

“ఏటా నిప్పెట్టేస్తాం బాబూ. ఈ వారంలోనే. తమరు సెలవిస్తే రేపే.”

నా చేతిలో ముక్క అలాగే ఉంది. ఆఫీసరు కుప్ప వైపు చూడలేదు. విలేకరి వైపు చూశాడు. తను వండర్ఫుల్ అని మెచ్చుకున్న కుప్ప ఆ కెమెరాలో ఉంది. రేపు కాల్చేసి, ఎల్లుండి ఆ ఫోటో పేపర్లో పడితే?

“ఫోటో పడేదాకా ఉంచండి,” అన్నాడు. అని కొబ్బరిబొండాల బల్ల వైపు నడిచాడు.

అంతే. శిలీంధ్రం గురించి, అడవి గురించి, పొగ గురించి ఆ శాఖ తీసుకున్న నిర్ణయం అది. దారాలు కాదు, ఎర్రమరక కాదు, నా చదువు కాదు. పేపర్లో తన మొహం. నాకేం, నాకు కుప్ప దక్కింది.

అక్కడితో అయిపోలేదు, అసలు తమాషా తర్వాతే. ఫోటో పడలేదు. విలేకరి పంపాడట, పైవాళ్ళు పక్కన పెట్టారట. వారాలు గడిచాయి. మా మావ రోజూ పొద్దున్నే టీకొట్లో పేపరు తిరగేయించుకుని, లేదనిపించుకుని, నిట్టూర్చి డిపోకి వచ్చేవాడు. ఆయనకి చదవడం రాదు, వచ్చినవాళ్ళకి ఓపిక లేదు.

“కోడలా, ఆడు మర్సిపోయాడేటే? నాను అడగలేను, కాల్సలేను,” అనేవాడు.

“కాల్సి సూడు మావా. ఆ మర్నాడే పడతాది ఫోటో.”

“బాబోయ్!”

అగ్గిపెట్టె జేబులో పెట్టుకుని కుప్ప చుట్టూ కాపలా తిరిగాడు. కోడళ్ళ మీద, కూలీల మీద కర్రెత్తే మనిషి పడని ఫోటోకి దడిచి నా బూజుకి వాచ్‌మన్ అయ్యాడు. గోనెసంచులు ఆరిపోతే నీళ్ళు కూడా పోయించాడు, కుప్ప పాడైతే తన మీదకొస్తుందని. ఇంత శ్రద్ధ జిరాక్సు కొట్టు ప్రాజెక్టుల్లో ఎవరికీ దక్కి ఉండదు.

ఏప్రిల్ నడుమ ఆఖరి నమూనా తీశాను. వైవా రోజున బయటి ఊరు నుంచి వచ్చిన పరీక్షకురాలు నా నలిగిన బెరడు సీసా పట్టుకుని చాలాసేపు అడిగింది, నేను చాలాసేపు చెప్పాను. ఎంజైముకి వాసనేమైనా ఉంటుందా అని నవ్వుతూ అడిగింది, ఎవరు చెప్పారో ఏమో. గైడు కిటికీ బయట చెట్టుని ఎన్నడూ చూడనట్టు చూశాడు. సంతకం మాత్రం పెట్టాడు. పరీక్షకురాలు ముందే పెట్టేశాక తను పెట్టకపోతే బాగోదు కదా.

ఫలితాలొచ్చిన వారంలోనే, మండువేసవిలో, ఆ ఫోటో పేపర్లో పడింది. జిల్లా పేజీలో, కింద మూల. కలప వ్యర్థాల్ని తినే శిలీంధ్రాన్ని పరిశీలిస్తున్న అధికారి అని రాశారు. ఆఫీసరున్నాడు, టోపీ ఉంది, మధ్యలో తెల్లగా ధగధగా మెరిసే బ్లీచింగు పౌడరు కుప్ప ఉంది. నేను లేను. శిలీంధ్రం కూడా లేదు. ఇద్దరం దాని వెనకాలే ఉన్నాం.

ఆ ఆదివారం సాక్ష్యాలు చెప్పే వేళ మా అమ్మ పేపరు మడిచి పట్టుకుని ముందుకెళ్ళింది. నేను ఫస్టు క్లాసులో పాసయ్యానని చెప్పింది. ‘ఫస్టు’ అన్నప్పుడు గొంతు పెంచి, కుప్ప కోసం ప్రార్థించినవాళ్ళందరికీ వందనాలు చెప్పింది. ఆ తర్వాత పేపరు విప్పి అందరికీ కనబడేట్టు తిప్పింది.

“మా గుంట బూజు ఇందల కనబడదు. అది లోపలున్నాది. ఈ పైన తెల్లగా కనబడతన్నాదే, ఇది మాత్రం నాను జల్లిందే.”

మగవాళ్ళ వరసలోంచి మా మావ ఆపుకోలేక లేచి నిలబడ్డాడు. “జల్లమన్నది నాను, అయ్యగారూ!”

“నిప్పెట్టమన్నదీ నువ్వేరా,” అంది మా అమ్మ, పేపరు మడుస్తూ. “కూకో.”